వంగకుండా వంటిల్లు తుడుచుకోవడం

(కాలనీ పెద్దల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, సరిగా వినపడనివాళ్లు ముందుకు వచ్చేయండి, మొహమాటం వద్దు.

ఇవాళ వంటింటి నేల గురించి మాట్లాడుకుందాం. మొత్తం ఇల్లు కాదు, వంటిల్లు ఒక్కటే. ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది గొంతుక్కూర్చుని గుడ్డతో తుడుస్తారు? సరే. నిలబడి మాప్‌తో తుడిచేవాళ్లు? సరే. ఇక మూడోది, నిజం చెప్పండి, ఎవరూ చూడనప్పుడు గుడ్డ కింద పడేసి, దాని మీద ఒక కాలు వేసి అటూ ఇటూ రుద్దేసేవాళ్లు? చూశారా, మొదట రెండు చేతులే లేచాయి, ఇప్పుడు సగం గది లేచింది.

ఆ మూడోదాన్నే ముందు తీసుకుంటాను. అన్నిటికన్నా ప్రమాదం అదే. అసలు ఏం జరుగుతోందక్కడ? ఒక కాలి మీద నిలబడ్డారు. రెండో కాలు తడిగుడ్డ మీద ఉంది. తడిగుడ్డ జారడానికే ఉంది, జారకపోతే తుడవదు కదా. అంటే జారే వస్తువు మీద మీరే కాలు పెట్టి, మీ బరువు కొంత దాని మీద వేస్తున్నారు. నిలబడ్డ కాలి మోకాలు ఒక్కసారి కలుక్కుమంటే పట్టుకోవడానికి ఏముంది? పాలు ఒలికితే రెండు క్షణాల పనే కదా అనిపిస్తుంది. ఆ రెండు క్షణాలకి మానేయండి. గుడ్డని తన్నకుండా, మాప్‌ని చేతికందేలా పెట్టుకోండి, అంతే.

ఇక కూర్చుని తుడవడం. మన అమ్మలు, అమ్మమ్మలు పేడతో అలికారు, బండలు కడిగారు, కూర్చునే చేశారు. నిజమే. కానీ అరవై దాటాక మోకాళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? మోకాళ్లు అలా ఉంచండి, ఇంకో రెండున్నాయి. ఒకటి, కూర్చుని కూర్చుని చటుక్కున లేస్తే తల తిరుగుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి, ప్రోస్టేట్ మాత్రలు వేసుకునే మగవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ. లేవగానే రక్తపోటు పడిపోతుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి, కింద నేలేమో తడి. రెండోది, ఎముకలు గుల్లబారినవాళ్లు నడుము వంచి ముందుకు సాగి తోస్తే వెన్నుపూసల ముందు భాగం మీద భారం పడుతుంది. పెద్దగా దెబ్బ తగలకుండానే పూస నలిగిపోవచ్చు. "ఏమీ బరువెత్తలేదండీ, ఊరికే వంగాను" అంటారు. ఆ ఊరికే వంగడంతోనే వస్తుంది.

అయ్యగారూ, మీరు వెనకాల నవ్వుతున్నారు, ఇది ఆడవాళ్లకి మాత్రమే కాదండీ. పిల్లలు అమెరికాలో ఉండి, ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు, పనమ్మాయి ఊరెళ్లిన వారం రోజులూ ఎవరు తుడుస్తారు? రాసుకోండి మీరు కూడా.

ఇప్పుడు అసలు మాట. నేల మురికిగా ఉంటే ఎవరి తుంటీ విరగదు. తడిగా ఉంటే విరుగుతుంది. మనవాళ్లకి శుభ్రం అంటే నీళ్లు. బకెట్లతో పోసి, చీపురుతో తోసి, కడిగితేనే కడిగినట్టు. ఆ అలవాటు తూము ఉన్న వంటిళ్లది. పాత పెంకుటింట్లో వంటగదిలో ఓ మూల తూము ఉండేది, నీళ్లు బయటికి పోయేవి. ఇప్పటి అపార్ట్‌మెంట్ వంటింట్లో తూము ఉందా? చాలావాటిలో లేదు. పోసిన నీళ్లన్నీ మళ్లీ మీరే ఎత్తాలి. ఫ్రిజ్ కిందికి పోయిన నీళ్లు అక్కడే ఉంటాయి, బొద్దింకలకి పండగ. అందుకని ఇవాళ నేను చెప్పే ప్రతి ఉపాయానికీ మూలం ఒకటే, నీళ్లు తగ్గించడం. నీళ్లు తగ్గితే బరువు తగ్గుతుంది, పిండే పని తగ్గుతుంది, జారడం తగ్గుతుంది.

బరువు అన్నాను కదా. లీటరు నీళ్లు కిలో. మీ ఇంట్లో బకెట్ 15 లీటర్లదైతే నిండా పడితే 15 కిలోలు, బకెట్ బరువు కాకుండా. దాన్ని బాత్‌రూం నుంచి వంటింటికి ఒక చేత్తో, ఒంటివైపు వంగి మోస్తున్నారు. ఎందుకు? వంటింట్లో కుళాయి లేదా? చిన్న బకెట్‌ని ముందే వంటింట్లో, స్టూలు మీద పెట్టండి, నేల మీద కాదు. సింక్ నుంచి మగ్గుతో 4 లీటర్లు పోయండి. చాలు, వంటింటికి అంతకుమించి అక్కర్లేదు. పారబోసేటప్పుడూ మగ్గుతోనే సింక్‌లోకి. ఎత్తి వంపకండి.

ఇక నీళ్లలో ఏం వేయాలి? ఇక్కడే అందరూ తప్పుతారు. వంటింటి నేల మీదున్నది దుమ్ము కాదు, నూనె. పోపు వేసినప్పుడు, గారెలు వేయించినప్పుడు కంటికి కనపడని నూనె తుంపర లేచి కింద పడుతుంది. ఆ రోజే తుడిస్తే గోరువెచ్చని నీళ్లకి వచ్చేస్తుంది. వారం వదిలేస్తే? గాలి తగిలి తగిలి నూనె గట్టిపడి వార్నిష్‌లా అంటుకుంటుంది. పొయ్యి పక్కన నూనె సీసా అడుగున వేలు పెట్టి చూడండి, గోధుమ రంగులో జిగటగా ఉంటుంది చూశారా, అదే. అది వచ్చాక నడుము విరిగేలా రుద్దాలి. అంటే రోజూ రెండు నిమిషాలు తుడవడం శుభ్రం కోసం కాదు, వారం చివర రుద్దుడు తప్పించుకోవడం కోసం.

ఫినాయిల్ వేస్తున్నామండీ అంటారు. ఫినాయిల్ క్రిములకి, వాసనకి. జిడ్డు తీయడానికి చేసింది కాదు. నూనె ఉన్న నేల మీద ఫినాయిల్ నీళ్లు పెడితే నూనె అటుది ఇటు పరుచుకుంటుంది, మంచి వాసనతో. జిడ్డుకి కావలసింది గిన్నెలు తోమే లిక్విడ్. ఎంత? 4 లీటర్ల గోరువెచ్చని నీళ్లకి ఒక టీ చెంచా. ఒక్కటే. "ఇంకాస్త వేస్తే ఇంకా బాగా పోతుంది కదా" అని మూతకి మూత పోస్తారు. పోదు. ఎక్కువైన సబ్బు ఆరిపోయి నేల మీద పొరగా మిగులుతుంది. ఆ పొర దుమ్ముని పట్టుకుంటుంది, మళ్లీ తడి తగిలితే జారుతుంది. తుడిచిన సాయంత్రానికే కాళ్లకి జిగటగా తగులుతోందంటే నేల మురికి కాదది, సబ్బు. అప్పుడు రెండు సార్లు ఉత్త నీళ్లతో తుడవండి, పోతుంది.

బోరు నీళ్లవాళ్లకి ఒక మాట. ఉప్పునీళ్లలో బట్టల సబ్బు బిళ్ల నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది, అదీ నేలకి అంటుకుంటుంది. అందుకే సబ్బు ముక్క కరగబెట్టి వాడకండి, లిక్విడ్ వాడండి.

ఇంకోటి, శుక్రవారం తుడిచే నీళ్లలో కల్లుప్పు వేస్తారు చాలా ఇళ్లలో. దిష్టి పోతుందని. నేను దాని జోలికి రాను, మీ నమ్మకం మీది. కానీ ఉప్పుతో జిడ్డు పోదు. పైగా సిలిండర్ అడుగుకి, ఫ్రిజ్ స్టాండుకి తుప్పు తొందరగా పడుతుంది. వేయాలనుకుంటే చిటికెడు వేసి, తరవాత ఉత్త నీళ్లతో ఒకసారి తుడిచేయండి.

ఇప్పుడు నేల రకం. మీ వంటింట్లో ఏం పరిచారో ఎంతమందికి తెలుసు? టైల్స్ అయితే టైల్స్, గ్రానైట్ అయితే గ్రానైట్. పాత ఇళ్లలో తాండూరు బండలు, షాబాద్ బండలు, కడప బండలు, బేతంచెర్ల బండలు ఉంటాయి. ఇవన్నీ సున్నపురాయి జాతి. మార్బుల్ కూడా అంతే. సున్నపురాయికి పులుపు శత్రువు. నిమ్మరసం, వెనిగర్, చింతపండు, బాత్‌రూం యాసిడ్, ఏది పడినా రాయిని తినేస్తుంది. నున్నదనం పోయి గరుకు మచ్చ పడుతుంది. ఆ గరుకులో జిడ్డు ఇరుక్కుంటుంది, ఇక మీ పని రెట్టింపు. వెనిగర్ పోయండి, నిమ్మచెక్క రుద్దండి అని ఫోనులో వీడియోలు వస్తాయి కదా, అవి చూసి బండల మీద చేయకండి. అనుమానముంటే తలుపు వెనకాల మూలలో ఒక్క చుక్క నిమ్మరసం వేసి రెండు నిమిషాలు చూడండి. బుడగలొచ్చినా, ఆరాక మెరుపు తగ్గినా పులుపు మీ నేలకి పనికిరాదు. టైల్స్ వాళ్లు మాకేం భయం లేదనుకోకండి. టైల్‌కి ఏం కాదు, టైల్‌కీ టైల్‌కీ మధ్య నింపిన సిమెంటుని యాసిడ్ తినేస్తుంది.

ఆ సందుల నల్లదనం గురించి అడుగుతారని తెలుసు. వంటసోడా మూడు చెంచాలు, నీళ్లు ఒక చెంచా కలిపితే ముద్దవుతుంది. దాన్ని సందులో రాసి పది నిమిషాలు వదిలి, పొడుగు కర్రకి బిగించిన గట్టి బ్రష్‌తో నిలబడి రుద్దండి. టూత్‌బ్రష్‌తో కూర్చుని రుద్దేపని పెట్టుకోవద్దు. ఒక రోజుకి పొయ్యి ముందు రెండు వరసలు చాలు, ఇల్లంతా ఒక్క రోజులో తెల్లబడక్కర్లేదు. పసుపు పడ్డచోట సోడా తగలగానే ఎర్రబడితే కంగారుపడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, అదే ఇది. ఉత్త నీళ్లతో తుడిచేయండి. ఎండ పడేచోటైతే మిగిలిన పసుపు మరక నాలుగు రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. బ్లీచింగ్‌ని, యాసిడ్‌ని కలపకండి. ఒకటి పోసి అది సరిగా పోలేదని దాని మీద రెండోది పోయకండి. విషవాయువు వస్తుంది, క్లోరిన్. చిన్న వంటిల్లు, కిటికీ మూసుంటుంది, పెద్దవాళ్ల ఊపిరితిత్తులు. అసలు వంటింటి నేలకి ఆ రెండూ అక్కర్లేదు.

ఇక మాప్. బజారులో మూడు రకాలు కనపడతాయి. నూలు దారాల కుచ్చు మాప్, గిరగిర తిరిగే స్పిన్ మాప్, పలక లాంటి ఫ్లాట్ మాప్. దారాల మాప్ తడిస్తే బరువు, పిండటానికి మణికట్టు బలం కావాలి. బొటనవేలి మొదట్లో నొప్పి ఉన్నవాళ్లకి గుడ్డ పిండటమే పెద్ద శిక్ష. స్పిన్ మాప్‌లో కాలితో పెడల్ తొక్కే రకం వద్దు. ఎందుకో మీరే చెప్పండి? ఆఁ, అదే, మళ్లీ ఒంటికాలు. కర్రని పైనుంచి నొక్కితే తిరిగే రకం తీసుకోండి. కానీ కొనేముందు బకెట్‌లో నీళ్లు పోస్తే ఎంత బరువో ఊహించుకుని ఎత్తి చూడండి.

నా మొగ్గు ఫ్లాట్ మాప్ వైపు. మైక్రోఫైబర్ గుడ్డ, 40 సెంటీమీటర్ల పలక, తేలికపాటి కర్ర. దీన్ని బకెట్ లేకుండా కూడా వాడొచ్చు, అదే దీని గొప్ప. ఎలాగో చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. గుడ్డలు మూడు కొనండి. అర లీటరు స్ప్రే సీసాలో నీళ్లు, పది చుక్కల గిన్నెల లిక్విడ్. పొయ్యి ముందు, సింక్ ముందు కొట్టండి. రెండు నిమిషాలు ఆగండి. ఈ ఆగడం ముఖ్యం, రుద్దే పని సబ్బు చేస్తుంది, మీ నడుము కాదు. ఒక గుడ్డతో తుడవండి. రెండోది ఉత్త నీళ్లలో తడిపి పిండినది, దాంతో సబ్బు తీయండి. మూడోది పొడిది, దాంతో తడి తీయండి. అయిపోయింది. రెండో గుడ్డ పిండటం కష్టమైతే పిండకండి. కుళాయి కింద తడపకుండా, పొడి గుడ్డ మీదే ఉత్త నీళ్ల స్ప్రే పది పన్నెండు సార్లు కొట్టండి. అంత తడి చాలు. గుడ్డ మార్చేటప్పుడు వంగకుండా మాప్‌ని తిరగేసి, పలకని వంటగట్టు అంచుకి ఆనించి, నడుము ఎత్తులో మార్చండి.

ఆ మైక్రోఫైబర్ గుడ్డల్ని బట్టలు మెత్తబరిచే ద్రవంలో ముంచకండి. దాని పొర పట్టేసి, నీళ్లు పీల్చడం మానేస్తాయి. రెండు నెలలకే పాడైందండీ అంటారు, చాలాసార్లు కారణం ఇదే.

కర్ర పొడుగు. నిలబెడితే దాని కొన మీ భుజానికీ గడ్డానికీ మధ్యకి రావాలి. నడుము దాకానే వచ్చే కర్ర ఉంటే నిలబడి తుడుస్తున్నామన్న పేరేగానీ వంగే తుడుస్తున్నారు. పట్టుకునేటప్పుడు ఒక చేయి పైన, ఒక చేయి ఛాతీ కిందుగా. కాళ్లు ఒకటి ముందు ఒకటి వెనక. మాప్‌ని దూరంగా చాపి లాగకండి, మీరే ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ అటూ ఇటూ, ఎనిమిది అంకె వేస్తున్నట్టు. నడుము తిప్పకండి, పాదాలు తిప్పండి. లోపలి మూల నుంచి గుమ్మం వైపు వెనక్కి రావాలి, అప్పుడు తడి మీ ముందుంటుంది, మీరు పొడి మీద ఉంటారు. వెనక్కి అడుగేసే ముందు గడప ఎక్కడుందో చూసుకోండి, గడపకి మడమ తగిలి పడేవాళ్లున్నారు. వాకర్ పట్టుకుని నడిచేవాళ్లు మాత్రం ఈ వెనకడుగు పద్ధతి పెట్టుకోవద్దు. చక్రాలు లేని, చేతులున్న కుర్చీ వేసుకుని, కూర్చుని, అందినంత మేర తుడవండి. తరవాత లేచి కుర్చీ జరుపుకుని మళ్లీ కూర్చోండి. సాధారణ వంటింటికి రెండు మూడు మకాములు సరిపోతాయి.

కాళ్లకి చెప్పులు ఉండాలా? ఉండాలి. వంటింట్లో చెప్పులేమిటని మడి గుర్తొస్తుంది కొంతమందికి, అర్థమవుతుంది. వంటింటికే వేరేగా ఒక జత పెట్టుకోండి, బయటికి వేసుకెళ్లనిది. వెనక పట్టీ ఉన్నది, అడుగున గాళ్లున్న రబ్బరుది. అరిగిపోయిన హవాయి చెప్పులైతే వట్టికాళ్లే నయం, తడి టైల్ మీద అవి సబ్బుబిళ్లలే. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి మాత్రం వట్టికాళ్లు ఏ పరిస్థితిలోనూ వద్దు. వేడినీళ్లు పడ్డా, గాజుపెంకు గుచ్చుకున్నా మీకు తెలియదు.

నూనె ఒలికిందనుకోండి. గిన్నెడు నూనె. ఏం చేస్తారు? నీళ్లు, కాదు. గుడ్డ, కాదు. మొదట పొయ్యి ఆర్పండి. నిలబడ్డచోటునుంచే పాత పేపర్లు దాని మీద పరిచేయండి. పీల్చినంత పీల్చాక పేపర్లు పొడుగు చేట, అంటే నిలబడే పట్టుకునేలా పొడుగు పిడి ఉన్న చెత్త ఎత్తే చేట, మీదికి తోసేయండి. మిగిలినదాని మీద బియ్యప్పిండో గోధుమపిండో గుప్పెడు జల్లండి, పురుగుపట్టిన పాత పిండైనా ఫర్వాలేదు. పది నిమిషాలు ఆగితే పిండి ఉండలు కడుతుంది. అట్టముక్కతోనో చీపురుతోనో ఎత్తేయండి. ఆ తరవాతే సబ్బునీళ్లు, ఆ తరవాత ఉత్త నీళ్లు, ఆ తరవాత పొడిగుడ్డ. ముందే నీళ్లు పోస్తే మూడడుగుల నూనె ముప్పై అడుగులవుతుంది. దోసెల పిండి ఎండిపోయి పట్టుకుంటే గోకకండి, తడిగుడ్డ పరిచి పావుగంట టీవీ చూసి రండి.

అసలు కింద పడేదాన్నే తగ్గించుకోవచ్చు. మూకుడు మీద జల్లెడ మూత పెట్టండి. కత్తిపీట ముందు కూర్చోవడం మానేసి, బల్ల మీద పేపర్ పరిచి కూరలు తరగండి, తొక్కలతో సహా పేపర్ చుట్టేయండి. సింక్ ముందు పాత చీర మడత వేసుకుంటారు కదా తడి పీల్చుకోవడానికి, అది తీసేయండి. కాలికి చుట్టుకుంటుంది. వేయాలంటే అడుగున రబ్బరున్న పలచటి మ్యాట్.

సిలిండర్ కింద, ఫ్రిజ్ కింద ఎలా అంటారు. జరపకండి. నిండు సిలిండర్ 30 కిలోల దాకా ఉంటుంది, గ్యాసే 14.2 కిలోలు. దానికి చక్రాల ట్రాలీ వస్తుంది, సిలిండర్ తెచ్చిన అబ్బాయి చేతనే దాని మీద పెట్టించుకోండి. ఇక కాలివేలితో కాదు, చేత్తో మెల్లగా జరిపితే జరుగుతుంది. రబ్బరు గొట్టం లాగుకుపోకుండా చూసుకోండి. ఫ్రిజ్ కిందికి బూజుకర్రకి పాత సాక్సు తొడిగి దూర్చండి, నెలకోసారి చాలు.

రోబో మాప్ గురించి చీటీ పంపారు ఎవరో. పిల్లలు కొనిపెడితే వాడుకోండి, దుమ్ముకి బాగుంటుంది. వంటింటి జిడ్డుకి కాదు, చాలా రకాలు తుడిచిన గుడ్డనే ఈడ్చుకుంటూ ఇల్లంతా రాస్తాయి. దాని డబ్బా ఖాళీ చేయడానికి మళ్లీ వంగాలి, గడపలు ఎక్కదు, పైగా మీ కాళ్ల మధ్యకి వస్తుంది. అది తిరిగేటప్పుడు మీరు కుర్చీలో కూర్చోండి.

చివరగా ఒకరు అడిగారు, గాజుగ్లాసు పగిలితే ఎలా అని. మంచి ప్రశ్న. కదలకండి ముందు, చెప్పులు తెప్పించుకోండి, ఒంటరిగా ఉంటే కళ్లతో దారి చూసుకుని మెల్లగా పక్కకి రండి. పెద్ద ముక్కలు పొడుగు చేటలోకి చీపురుతో తోయండి, చేత్తో ఏరకండి. ఆ చీపురు మళ్లీ ఇల్లు ఊడవడానికి వాడకండి, ఈనెల మధ్య పెంకులు ఉండిపోతాయి. తరవాత తడిపిన పేపర్ మాప్ పలకకి చుట్టి, క్లిప్పు పెట్టి, ఆ చోటంతా మెల్లగా అద్దండి, సన్న పెంకులు దానికి అంటుకుంటాయి. మీ మైక్రోఫైబర్ గుడ్డ మాత్రం వాడకండి, పెంకులు అందులో దూరితే ఉతికినా రావు. ఇక లైట్లు ఆర్పి, కుర్చీలో కూర్చుని, ఫోను టార్చి పొడుగు చేట పిడికి రబ్బరుబ్యాండుతో కట్టి నేలకి దగ్గరగా, అడ్డంగా వేయండి. పైనుంచి వేస్తే కనపడవు. అడ్డంగా వేస్తే ప్రతి పెంకూ మెరుస్తుంది.